ఈసుడు రోగం: ఒక మంద, ఒక పెద్దాయన, పదకొండు దొడ్లు

పశువైద్యుడిగా నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఈ కేసు రాయడానికి ఆ పెద్దాయనా, ఆయన ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. జబ్బు నడిచిన తీరు, నేను తీసుకున్న నిర్ణయాలు, వాటిలో తప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

అరవై దాటిన మనిషి. 140 తల్లి ఆవులు, 4 ఆబోతులు, విశాలమైన మేతభూమి. పాల కోసం కాదు, దూడల కోసం పెంచే మంద. ఇంటి వాడకానికి రెండు ఆవుల పాలు మాత్రం పితుకుతారు. ఇద్దరు కొడుకులు, కోడళ్లు, బడికి వెళ్లే మనవలు అందరూ ఒకే చోట ఉంటారు. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు ఆయన గేటు దగ్గర నిలబడి లెక్క చూసుకుంటాడు. నోటితో అంకెలు లెక్కపెట్టడు. ఒక్కో ముఖాన్నీ చూస్తూ, చివరి ఆవు లోపలికి వచ్చాక, "ఆ చెవి తెగింది రాలేదు, వాగు దగ్గర చూడు" అంటాడు. వెళ్లి చూస్తే అక్కడే ఉంటుంది.

చుట్టుపక్కల ఏ దొడ్డిలో ఆవు ఈనలేక అవస్థపడినా నాకంటే ముందు ఆయనకే ఫోను వెళ్తుంది. అర్ధరాత్రి అయినా వెళ్తాడు. చొక్కా చేతులు భుజం దాకా మడిచి, సబ్బు నీళ్లతో కడుక్కుని, చెయ్యి లోపలికి పెట్టి అడ్డం తిరిగిన దూడను సరిచేసి లాగుతాడు. ఆ పనికి డబ్బు తీసుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఆబోతు లేని చిన్న మందలకు తన ఆబోతును ఒక ఈత కాలం ఇచ్చి పంపుతాడు. కొత్తగా మంద మొదలుపెట్టే కుర్రవాళ్లకు ఒక పెయ్యను ఊరికే ఇస్తాడు.

నేను చెప్పబోయే కథకు రెండేళ్ల ముందు, పొరుగున ఒకాయన హఠాత్తుగా పోయాడు. అప్పులు తీర్చడానికి ఆయన భార్య మందను అమ్మకానికి పెడితే, కొనడానికి వచ్చినవాళ్లు ఆమె అవసరం చూసి ధర తగ్గించారు. పెద్దాయన వెళ్లి 22 ఆవుల్ని సరైన ధరకు కొని, ఆ రోజే తోలుకొచ్చి తన మందలో కలిపాడు.

ఇవన్నీ నాకు ముందే తెలుసు. కేసు షీటులో మాత్రం ఒక్కటీ రాసుకోలేదు. అవి ఆయన మంచితనానికి సంబంధించిన సంగతులు, జబ్బుతో వాటికేం పని అనుకున్నాను.

పిలుపు

"డాక్టరు గారూ, ఆవులు వరసగా ఈసుకుపోతున్నాయి. అయిదు వారాల్లో తొమ్మిది."

వెళ్లి చూశాను. ఈసుకుపోవడమంటే నెలలు నిండకముందే చూలు పోవడం. అన్నీ ఆరు నుంచి ఎనిమిది నెలల చూడివే. వాటిలో సగానికి పైగా ఆవులకు మాయ పడలేదు. మేత తింటున్నాయి, పెద్దగా జ్వరం లేదు. ఈసుకుపోయిన ఆవు తప్ప మంద మొత్తం పైకి ఆరోగ్యంగా ఉంది.

గర్భం పోయిన నెల తెలిస్తే అనుమానాల జాబితా చాలా వరకు చిన్నదవుతుంది. ట్రైకోమోనాస్, క్యాంపిలోబాక్టర్ లాంటి ఆబోతు ద్వారా వచ్చే జబ్బులు ఎక్కువగా తొలి నెలల్లోనే చూలు పోగొడతాయి. రైతుకు పిండం కనిపించదు, ఆవు మళ్లీ మళ్లీ ఎదకు రావడమే కనిపిస్తుంది. ఇక్కడ కథ అది కాదు. చివరి నెలల్లో ఈసుకుపోవడానికి నా మనసులో మిగిలినవి బ్రూసెల్లా, లెప్టోస్పైరా, నియోస్పోరా అనే సూక్ష్మజీవులు, లేదా బూజు పట్టిన మేత. గడ్డివామి తీయించి చూశాను, పొడిగా శుభ్రంగా ఉంది. ఆ ఏడు వానలు ఎక్కువ. పల్లంలో నీళ్లు నిలిచి చెరువులా తయారైతే మంద అక్కడే తాగుతోంది. నిలవ నీటి ద్వారా పాకే లెప్టోస్పైరా వైపు నా మొగ్గు అక్కడ మొదలైంది.

పిండాలు దొరకలేదు, కుక్కలు ఈడ్చుకుపోయాయి. పిండం నాలుగో కడుపులోని ద్రవం, ఊపిరితిత్తి ముక్క, మాయ ముక్క చేతికొచ్చి ఉంటే సగం పని అక్కడే అయిపోయేది. రెండు ఆవుల రక్తం తీశాను. ఒకటి మూడు రోజుల కింద ఈసుకుపోయింది, ఇంకోటి ముందురోజు. బ్రూసెల్లాకు చేసే రోజ్ బెంగాల్ రక్తపరీక్షలో రెండూ నెగెటివ్.

ఆ ఉదయం చలిగా ఉంది. అయినా పెద్దాయన చొక్కా వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను రక్తం తీస్తుంటే ఆయన గడ్డితొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో పశువు ముందు ఆయన కూర్చోవడం నేను చూడలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, "వయసు డాక్టరు గారూ, నడుం పట్టేస్తోంది" అన్నాడు. నేనూ సరేనన్నాను.

మొదటి ప్రయత్నం, ఎందుకు తప్పింది

రెండు నెగెటివ్‌లు చూసి బ్రూసెల్లా పేరు కొట్టేశాను. ఈ కేసులో నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. బ్రూసెల్లా సోకిన ఆవు ఈసుకుపోయే నాటికి రక్తంలో యాంటీబాడీలు ఇంకా పరీక్షకు అందే స్థాయికి రాకపోవచ్చు. ఒక్కోసారి రెండు, మూడు వారాల తర్వాత గాని పాజిటివ్ రాదు. నిన్న ఈసుకుపోయిన ఆవు నెగెటివ్ వస్తే దానికి జబ్బు లేదని అర్థం కాదు, మళ్లీ రక్తం తీయాలని అర్థం. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఆ రోజు దొడ్డిలో గుర్తురాలేదు. పైగా 140 ఆవుల మందలో రెండింటిని చూసి తీర్పు చెప్పకూడదు.

నీటి గుంటకు కంచె వేయించి, లెప్టో టీకాలు వేసి, మాయ నిలిచిన ఆవులకు యాంటీబయాటిక్ ఇచ్చాను. మూడు వారాలు గడిచాయి. ఇంకో అయిదు ఈసుకుపోయాయి.

దుప్పట్ల వాసన

దారి మళ్లించింది ఏ ల్యాబూ కాదు. ఆయన భార్య ఒక రాత్రి ఫోన్ చేసింది.

"డాక్టరు గారూ, మీకు చెప్పాల్సింది కాదేమో. మా ఆయనకి రెండు నెలలుగా సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి తగ్గిపోతుంది. కొన్నాళ్లు బాగుంటాడు, మళ్లీ మొదలు. రాత్రికి రెండుసార్లు దుప్పట్లు మారుస్తున్నాను. అది మామూలు చెమట వాసన కాదండీ. తడిసిన ఎండుగడ్డి వాసన. గొడ్ల దగ్గర్నించి వస్తోందేమో, మీకేమైనా తెలుస్తుందేమోనని."

వచ్చిపోయే జ్వరం, నడుం నొప్పి, తడిసిన గడ్డి వాసన కొట్టే చెమట. మనుషుల్లో బ్రూసెల్లోసిస్‌ను వర్ణించే పాత రాతల్లో ఇవన్నీ ఉన్నాయి. 1887లో మాల్టాలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహం నుంచి డేవిడ్ బ్రూస్ ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన క్రిమిని డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లో విడిగా కనిపెట్టాడు. ఆ రెండూ దగ్గరి చుట్టాలని అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ 1918లో ప్రచురించే దాకా మనుషుల జ్వరం ఒక శాస్త్రం, ఆవుల గర్భస్రావం ఇంకో శాస్త్రం. ఆమె మాటను చాలామంది చాలా కాలం నమ్మలేదు. అన్నేళ్ల తర్వాత నేనూ అదే పని చేశాను. తడిసిన చొక్కా కళ్ల ముందే ఉన్నా, అది నా శాఖ కాదని వదిలేశాను.

ఆయన్ని చూస్తున్న డాక్టరు మొదట ఫ్లూకి, తర్వాత కీళ్ల నొప్పులకి మందులిచ్చారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆవులు ఈసుకుపోతున్నాయన్న సంగతి పెద్దాయన అక్కడ చెప్పనే లేదు, డాక్టరూ అడగలేదు. నేను ఉత్తరం రాసిచ్చాను: మందలో 14 ఆవులు ఈసుకుపోయాయి, మాయ పడనివాటికి ఈయన వట్టి చేతులతో మాయ తీశాడు, ఇంట్లో పచ్చిపాలు తాగుతారు, బ్రూసెల్లా అనుమానం. కింద ఇంకో వాక్యం చేర్చాను, కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపితే ల్యాబు వాళ్లకు ముందే చెప్పండి అని. ఈ క్రిమి గాలి ద్వారా కూడా సోకుతుంది, ల్యాబు సిబ్బందికి అంటుకున్న జబ్బుల్లో దీనిది పెద్ద వాటా. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కల్చర్‌ను తొందరపడి పారేయకూడదు కూడా.

పెద్దాయనకు పాజిటివ్. పచ్చిపాలు ఇష్టంగా తాగే పెద్ద మనవడికీ పాజిటివ్. చిన్న కోడలు అప్పుడు గర్భవతి. ఆమెకు నెగెటివ్ అని తెలిసే దాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ రోజు నుంచే ఆమెను దొడ్డి వైపు రానివ్వలేదు, కాచకుండా ఒక్క చుక్క పాలు ఇంట్లోకి పోనివ్వలేదు.

మంద మొత్తం

ఈసారి ఒక్క పశువునూ వదల్లేదు. రోజ్ బెంగాల్‌తో జల్లెడ పట్టి, పాజిటివ్‌లను ఎలైసా అనే ఇంకో రక్తపరీక్షతో ఖాయం చేసుకున్నాం. 144లో 31 పాజిటివ్: 30 ఆవులు, ఒక ఆబోతు. ఆ 30లో 9, రెండేళ్ల కింద కొన్న 22లోవి.

మందులతో నయం చేయలేమా అని పెద్దాయన అడిగాడు. మనిషికి చేస్తున్నాం గదా, ఆవుకెందుకు కాదు? న్యాయమైన ప్రశ్న. ఈ క్రిమి శరీర కణాల లోపల దాక్కుంటుంది. మనిషికి రెండు మందులు కలిపి, రోజూ తప్పకుండా, కనీసం ఆరు వారాలు ఇవ్వాలి. ఆవుకు అలా ఇచ్చినా పొదుగులో, లింఫ్ గ్రంథుల్లో మిగిలిపోయి తర్వాతి ఈతలో మళ్లీ బయటపడుతుంది. నయమైనట్టు కనిపించే ఆవు మందలో ఉండటం, జబ్బు పైకి కనిపించే ఆవు ఉండటం కంటే ప్రమాదం.

ముందున్న దారులు మూడు. మంద మొత్తం తీసేసి కొత్తగా మొదలుపెట్టడం, పాజిటివ్‌లను తీసేస్తూ 60 రోజులకోసారి మళ్లీ పరీక్షించడం, టీకా మీద ఆధారపడి ఏళ్ల తరబడి ఓపిక పట్టడం. మొదటిది వేగంగా తేలిపోతుంది. కానీ ఆ మంద ఆయన తండ్రి కాలం నాటి వంశం, ఆ ముఖాలు పోతే ఆయనకు మిగిలేది ఖాళీ గేటు. ఆయన మనసు నా నిర్ణయంలో లెక్కకు వచ్చిందని దాచను. పాజిటివ్‌లు నాలుగో వంతు కన్నా తక్కువ గనుక రెండో దారి అందుబాటులోనే ఉందనుకున్నాను. దానితో పాటు 4 నుంచి 8 నెలల వయసు పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారి ఎస్19 టీకా వేయాలని తేల్చాను. ఆర్‌బీ51 అనే టీకా కూడా ఉంది, అది పరీక్షల్ని గందరగోళపరచదు. కానీ ఆ టీకాలో ఉండే బతికున్న క్రిమికి, ఈ జబ్బుకు మనుషులకిచ్చే రిఫాంపిసిన్ అనే మందు పనిచేయదు. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరు జబ్బు మనుషులున్నారు. దూడలు పట్టే తోపులాటలో సూది ఎవరికైనా గుచ్చుకుంటే పెద్దాయన వాడుతున్న మందే పనికిరాకుండా పోతుంది. ఎస్19 కూడా బతికున్న క్రిమే కాబట్టి కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

60 రోజుల తర్వాత కొత్తగా 9 పాజిటివ్. ఇంకో 60 రోజులకు 7. తగ్గుతున్నట్టే ఉంది గాని, పాజిటివ్‌లను తీసేస్తున్న మందలో ఇలా రాకూడదు. ఎక్కడో తలుపు తెరిచే ఉంది.

తెరిచి ఉన్న తలుపులు

నేను అక్కడే రెండు రోజులు ఉండి చూశాను. మొదటిది కంటికి వెంటనే తెలిసింది. ఆవులన్నీ పల్లంలో, చెట్ల నీడలో, తడి నేల మీద ఈనుతున్నాయి. బ్రూసెల్లా ఎండకు తట్టుకోలేదు, చల్లని తడి నీడలో నెలల పాటు బతుకుతుంది. ఒక ఆవు ఈసుకుపోయిన చోటికి మిగతావి వచ్చి వాసన చూస్తాయి, నాకుతాయి. జబ్బు ప్రధానంగా పాకేది అలాగే, నోటి ద్వారా.

రెండోది ఆయన నోటి నుంచి వినాల్సి వచ్చింది. రెండో విడతలో తేలిన పాజిటివ్‌లలో నిండు చూడివి నాలుగున్నాయి. ఈనాక పంపిద్దామని ఆయన మూడు వారాలు ఆపాడట. "కడుపులో దూడ ఉంది కదా డాక్టరు గారూ, ఎలా పంపను?" అన్నాడు. నాకు చెప్పలేదు, నేనూ వెళ్లాయా లేదా అని చూసుకోలేదు. అందులో రెండు మందలోనే ఈనాయి. జబ్బున్న ఆవు ఈనినా, ఈసుకుపోయినా ఉమ్మనీటిలో, మాయలో కోట్లకొద్దీ క్రిములు బయటికొస్తాయి. పాజిటివ్ అని తేలిన రోజే దాన్ని విడదీయకపోతే పరీక్ష చేసి ప్రయోజనం లేదు.

మూడోది మనుషులు. పెద్దాయన మంచం పట్టాడని తెలిసి, ఇన్నేళ్లూ ఆయన సాయం పొందినవాళ్లు వంతులు వేసుకుని వచ్చి ఆవులు ఈనేటప్పుడు చేయి వేస్తున్నారు, ఆయనలాగే వట్టి చేతులతో. వాళ్లలో ఒక కుర్రవాడికి జ్వరం మొదలైంది.

నాలుగోది ఆయన ఒళ్లే. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ మొదలయ్యాక మూడో వారానికి జ్వరం పోయింది. ఆయన మాత్రలు ఆపేసి, ఎవరి దొడ్డిలోనో ఆవు అవస్థపడుతోందంటే వెళ్లిపోయాడు. కొన్ని వారాలకు జ్వరం తిరిగొచ్చింది, ఈసారి వృషణాల వాపుతో. సగంలో మానేస్తే ఈ జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

క్యాలెండరు వెనక

ఒక సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని, పాత గోడ క్యాలెండరు కాగితం తిరగేసి, మనవడి చేత గీయించాను. మధ్యలో మీ దొడ్డి. ఆబోతు ఎవరెవరి దగ్గరికి వెళ్లింది? పెయ్యల్ని ఎవరికిచ్చారు? ఈ రెండేళ్లలో ఎవరి ఆవులకు చెయ్యి పెట్టారు? ఆయన చెబుతుంటే పిల్లవాడు గీతలు గీస్తూ పోయాడు. పదకొండు దొడ్లు తేలాయి. గీత గీతకూ ఆయన గొంతు తగ్గిపోయింది. చివరికి ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "ఇవన్నీ నేను మంచి చేద్దామని వెళ్లిన ఇళ్లే" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజానికి మాయ తాకినంతగా ఆబోతు వల్ల జబ్బు పాకదనీ, ఆయన చేతులు కడుక్కునే అలవాటు కొంత కాపాడే ఉంటుందనీ చెప్పాను. అవి నిజాలే. ఆయనకు అప్పుడు కావాల్సినవి అవి కావు.

ఆ పదకొండు దొడ్ల రక్తం ఎలా తీయాలన్నది నాకు పెద్ద చిక్కు. నేనడిగితే కొందరు గేటు తీయరు. పాజిటివ్ వస్తే పశువు పోతుందని, అమ్మకం ఆగుతుందని భయం. దాపరికం పెరిగిందంటే ఈ జబ్బును ఆపలేం. అధికారులకు తెలియజేయడం నా బాధ్యత, అది చేశాను. కానీ అధికారం వెళ్లి తలుపు తట్టేలోపు ఆయన మాట వెళ్తే మేలని ఆయన్నే అడిగాను. ఒక రాత్రి ఆలోచించుకున్నాడు. తర్వాతి ఆదివారం అందర్నీ తన దొడ్డికి పిలిచాడు. నేను జబ్బు గురించి పది నిమిషాలు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి చాలా కొద్దిగా మాట్లాడాడు.

"నా ఆబోతు మీ మందలోకి వచ్చింది. నా చేతులు మీ ఆవుల్లోకి వచ్చాయి. జబ్బు నా దగ్గర ఉంది, నాకే ఉంది. మీ గొడ్ల రక్తం చూపించుకోండి. ఏదైనా తేలితే నా ముఖం చూసి కోపం తీర్చుకోండి, డాక్టరు గారి మీద కాదు."

నెల తిరిగేలోపు పదకొండు గేట్లూ తెరుచుకున్నాయి. మూడు మందల్లో జబ్బు దొరికింది, మూడింట్లోనూ ఇంకా తొలి దశలోనే. ఆయన ఊరికే ఇచ్చిన పెయ్యల్లో ఒకటి పాజిటివ్. ఆయన దానికి బదులు వేరేది ఇస్తానంటే ఆ కుర్రవాడు తీసుకోలేదు. పరీక్షలన్నీ అయ్యాక చూద్దాం మామయ్యా, అన్నాడట.

పనిచేసినవి

గుట్ట వాలున ఎండ పడే చోట ఒక్కో ఆవుకు ఒక్కో గది చొప్పున కంచెలు కట్టించాం. ఈనే ముందు ఆవు అక్కడికి వెళ్తుంది, స్రావాలు ఆరిపోయే దాకా మందలోకి రాదు. మాయను భుజం దాకా గ్లౌజులు వేసుకుని తీసి, సున్నం వేసి లోతుగా పాతిపెట్టడం నియమం చేశాం. కుక్కల్ని కట్టేశారు. పాజిటివ్ అని తేలిన పశువు, చూడిదైనా సరే, ఆ రోజే విడిగా వెళ్లిపోతుంది. బయటి పశువు ఏది వచ్చినా ముందు రెండు పరీక్షలు, మధ్యలో విడిగా ఉంచడం. పాజిటివ్ ఆవులకు పుట్టిన పెయ్యల్ని మందకు ఉంచుకోకూడదని కూడా రాసుకున్నాం. తల్లి కడుపులోనే సోకిన పెయ్యలు కొన్ని పరీక్షలన్నిటిలో నెగెటివ్ వస్తూ, తొలి ఈతప్పుడు గాని బయటపడవు.

నాలుగో విడతలో 2. అయిదో విడతలో సున్నా, ఆరో విడతలో సున్నా, ఆరు నెలలు ఆగి చేసిన దాంట్లోనూ సున్నా. పెద్దాయన ఈసారి మాత్రలు చివరిదాకా మింగాడు. ఆయన భార్య రోజుకో గీత గీసి లెక్క పెట్టింది. మనవడికి వయసును బట్టి డాక్టరు ఇచ్చిన మందులు పనిచేశాయి. జ్వరం వచ్చిన కుర్రవాడు కూడా కోలుకున్నాడు. చిన్న కోడలికి నెలలు నిండి ప్రసవమైంది.

ఒక మినహాయింపు మాత్రం ఇచ్చాను. పాజిటివ్ ఆవుకు పుట్టిన ఒక పెయ్యను మనవడు జబ్బుగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచాడు. వాడి ముఖం చూసి ఉండనిచ్చాను. నాలుగుసార్లు రక్తం తీస్తే నాలుగుసార్లూ నెగెటివ్. మూడో ఏడు తొలిచూలు ఏడో నెలలో ఈసుకుపోయింది. మూడు వారాల తర్వాతి పరీక్షలో పాజిటివ్.

చూడి ఆరో నెల రాగానే దాన్ని గుట్ట వాలున ఒంటరి గదిలో పెట్టి ఉన్నారు. మాయ ఆ గది దాటలేదు. నాకు ఫోన్ చేసింది మనవడే. గ్లౌజులు వేసుకున్నాకే లోపలికి వెళ్లాననీ, పిండాన్ని రెండు సంచుల్లో కట్టి నా కోసం చల్లగా ఉంచాననీ చెప్పాడు. ఆ తర్వాత రెండు విడతల పరీక్షల్లోనూ మందలో ఒక్క పాజిటివ్ రాలేదు.

దాన్ని తీసుకెళ్లిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మంద తిరిగొస్తుంటే పెద్దాయన గేటు పక్కకు జరిగి మనవణ్ని ముందుకు పిలిచాడు. వాడు ఒక్కో ముఖం చూస్తూ నిలబడ్డాడు. చివరి ఆవు లోపలికొచ్చాక, "అన్నీ వచ్చాయి తాతయ్యా" అని గేటు వేశాడు.